పియర్ చెట్టు పూసినంత మాత్రాన బెర్తా కాపురం నిలబడిపోదు

మా విజయనగరంలో ఎమ్మే ఇంగ్లీషు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజి తెగ తిరుగుతోంది, శ్రీకాకుళం నుంచి కూడా నాకు వచ్చింది. న్యూజీలాండ్ రచయిత్రి కాథరిన్ మాన్స్‌ఫీల్డ్ 1918లో అచ్చేసిన బ్లిస్ కథ గురించి. తోటలో పూసిన పియర్ చెట్టు కథానాయిక బెర్తా సంసారసుఖానికి గుర్తంట, ఆవిడ కోరికంతా మొగుడు హ్యారీ మీదేనంట, పిల్లులు అపశకునమంట, చివర్లో చెట్టు అలాగే ఉంది కాబట్టి కాపురం నిలబడుతుందంట, పైగా మొగుడు దారి తప్పే ఇలాంటి గుట్టు తెలుగు కథకి పరాయిదంట. పరీక్షలో ఇదే రాసీమంటున్నారు, అది చూసి కడుపు మండింది.

చెట్టు సంగతి చూడండి. అది నా బతుక్కి గుర్తు అనుకునేది బెర్తాయే, రచయిత్రి కాదు. తనకి అన్నీ ఉన్నాయి, మొగుడు, పాప, ఇల్లు, స్నేహితులు అని లెక్కెట్టుకునే మనిషి అలా అనుకుంటే మనం నమ్మీడమేనా? ఆ చెట్టుని హ్యారీతో కలిసి చూసే సీనే లేదు కథలో. పక్కన నిలబడి చూసింది ఆ రాత్రి విందుకొచ్చిన బెర్తా కొత్త స్నేహితురాలు పెర్ల్ ఫుల్టన్. బెర్తా తెల్ల గౌను, ఆకుపచ్చ మేజోళ్ళు, అంటే ఆవిడే చెట్టు. పెర్ల్ ఒళ్ళంతా వెండి రంగు, అంటే చందమామ. వాళ్ళిద్దరూ చూస్తుంటే ఆ చెట్టు కొవ్వొత్తి మంటలాగ సాగి చంద్రుడి అంచుని తాకబోతున్నట్టు రాసింది మాన్స్‌ఫీల్డ్. ఇంత చెప్పేక ఇది మొగుడూ పెళ్ళాల చెట్టని ఎలా అంటారు?

కోరిక మొగుడి మీదే అన్న మాటలో సగం నిజం ఉంది. ఆ రాత్రే జీవితంలో మొదటిసారి మొగుడు కావాలనిపించింది బెర్తాకి, కథలో ఉంది. కానీ అంతకు ముందు ఒంట్లో నిప్పు రాజేసింది ఎవరు, పెర్ల్ చల్లని చెయ్యి తగలడం కదా! అక్కడ పుట్టిన కోరికకి పేరు తెలీక, తనకి తెలిసిన ఒకే ఒక్క దారిలోకి, అంటే హ్యారీ వైపుకి మళ్ళించుకుందని నేను అనుకుంటాను. అలాగని ఇది ఇద్దరాడవాళ్ళ ప్రేమకథ అని తేల్చీడం కూడా తొందరే, ఎందుకంటే చెట్టు చూస్తున్నప్పుడు పెర్ల్ నిజంగా అవునందా లేక అదంతా బెర్తా కలగందా అని కథే అనుమానం పెడుతుంది.

పిల్లులది చిన్న విషయం. తోటలో పొట్ట ఈడ్చుకుంటూ పోయే బూడిదరంగు పిల్లి, దాని వెనక నీడలాగ నల్లది. చివర్లో పెర్ల్ వెనకాల విందుకొచ్చిన ఇంకో అతిథి ఎడ్డీ వెళ్తుంటే మళ్ళీ అవే పిల్లులు గుర్తొస్తాయి బెర్తాకి. శకునం గికునం కాదు.

ఇంక ముగింపు. హ్యారీ పెర్ల్‌తో రేపు అని గుసగుసలాడడం, ఆవిడ కనురెప్పలతోనే సరేననడం బెర్తా కళ్ళారా చూసింది. ఆ తర్వాత కూడా చెట్టు నిండుగా పూసే ఉంది, అంటే ఈవిడ గుండె పగిలినా దానికేం పట్టలేదు. ఉద్దానంలో జీడి పూత చూసి పంట డబ్బులు ఖర్చెట్టీసే రైతు ఉంటాడా?

తెలుగు కథకి పరాయిదన్న మాట మాత్రం విజయనగరంలో ఉండి అనకూడదు. మొగుడు దారి తప్పడం మీద ఈ ఊళ్ళోనే బతికిన గురజాడ 1910లోనే దిద్దుబాటు రాసేరు, బ్లిస్ కంటే 8 ఏళ్ళు ముందు. తేడా అల్లా, అక్కడ కమలిని ఉత్తరం రాసి మొగుడు గోపాలరావుని దారికి తెచ్చుకుంది, ఇక్కడ బెర్తా మొగుణ్ణి ఒక్క మాట కూడా అడగలేదు.