ఆ క్రోషే మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కసారి ఇరవై కుట్లు లెక్కపెట్టండి

"కొత్తగా క్రోషే నేర్చుకునేవాళ్ళు చేసే తప్పులు - ఎవరూ చెప్పని పది రహస్యాలు" అనే వాట్సాప్ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈ నెలలో ఇది నాలుగోసారి. పంపినవాళ్ళందరూ మంచి మనసుతోనే పంపారు, అందులో సందేహం లేదు. కానీ ఆ పదింట్లో తొమ్మిది తప్పు. వాటిలో ఒకటి మాత్రం ఎంతమంది చేత ఈ పని మానిపించిందో తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ముందు దాని సంగతి చూద్దాం.

రెండో "రహస్యం" ఇది: "కుట్లు లెక్కపెడుతూ కూర్చుంటే అల్లికలో ఆనందం పోతుంది. చెయ్యి తిరిగితే అంచులు వాటంతటవే తిన్నగా వస్తాయి. రాకపోయినా చివర్లో చుట్టూ బోర్డర్ వేస్తే కనబడవు."

రావు. ఎన్నేళ్ళు అల్లినా వాటంతటవి రావు. అంచు వంకర పోయేది చెయ్యి తిరగక కాదు, వరుస మొదట్లోనో చివర్లోనో ఒక కుట్టు లెక్క తప్పడం వల్ల. ఇరవై డబుల్ క్రోషేల, అంటే పొడుగు కుట్ల, పట్టీ అల్లుతున్నారనుకోండి (నేను చెప్పేవన్నీ అమెరికన్ పేర్లు, ఆ గొడవ తర్వాత వస్తుంది). 22 చైన్లు (గొలుసులా వరసగా వేసే ఉచ్చులు) వేసి, హుక్కు నుంచి నాలుగో చైన్‌లో మొదటి డబుల్ వేస్తాం. వదిలేసిన మూడు చైన్లు నిలబడి ఒక కుట్టుగా లెక్కలోకి వస్తాయి. అవి ఒకటి, అల్లినవి పంతొమ్మిది, మొత్తం ఇరవై. ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది రాదు.

ఇబ్బందంతా వరుస అయ్యాక అల్లికను రెండో వైపుకు తిప్పిన తర్వాతే. పని తిప్పి మూడు చైన్లు వేస్తే, ఆ మూడూ ఈ వరుసకు మొదటి కుట్టు. కాబట్టి కిందున్న మొదటి కుట్టును వదిలి రెండోదాంట్లో అల్లాలి. కొత్తవాళ్ళు సహజంగానే మొదటిదాంట్లోనే గుచ్చుతారు, ఒక కుట్టు పెరుగుతుంది. ఇక వరుస చివర, ఆఖరి కుట్టు వేయాల్సింది కింది వరుస తాలూకు మూడు చైన్ల కొనలో. అది చూడ్డానికి కుట్టులా ఉండదు, పక్కకు ఒరిగి మెలి తిరిగిన దారంలా ఉంటుంది. కంటికి ఆనదు, వదిలేస్తారు. ఒక కుట్టు తగ్గుతుంది. ప్రతి వరుసలో ఇదొక్కటే జరిగితే, ఇంకో పది వరుసలు వేసేసరికి ఇరవై కాస్తా పది అవుతుంది. తువ్వాలులా మొదలైన మఫ్లరు సమోసాలా తేలుతుంది. రెండు తప్పులూ కలిసి జరిగితే ఇంకా చిక్కు: లెక్క ఇరవయ్యే ఉంటుంది, అంచులు మాత్రం రంపపు పళ్ళలా వస్తాయి. అప్పుడు పాపం "నేను అన్నీ సరిగ్గానే చేశాను, నాకే ఈ విద్య రాదు" అనుకుని ఊలు అటక మీద పెట్టేస్తారు.

మందు చాలా చిన్నది. తిప్పగానే మూడు చైన్లు వేశారు కదా, ఆ మూడో చైన్‌కు వెంటనే ఒక పిన్నీసు తగిలించండి. తర్వాతి వరుసలో ఆఖరి కుట్టు పడాల్సింది ఆ పిన్నీసు ఉన్నచోటే. కుట్టు పడ్డాక పిన్నీసు తీసి, మళ్ళీ కొత్త మూడో చైన్‌కు తగిలించండి. ప్రతి వరుస చివర ఇరవై లెక్కపెట్టడానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లతో ఏ ఆనందం పోతుందో రాసినవాళ్ళే చెప్పాలి. వెడల్పు దుప్పటి అయితే ప్రతి ఇరవై కుట్లకూ ఒక పిన్నీసు పెట్టుకోండి.

సింగిల్ క్రోషేకి, అంటే పొట్టి కుట్టుకి, పద్ధతి వేరు. తిప్పేటప్పుడు వేసే ఒక్క చైన్ లెక్కలోకి రాదు, మొదటి కుట్టులోనే అల్లాలి. ఇరవై కావాలంటే 21 చైన్లు వేసి, హుక్కు నుంచి రెండోదాంట్లో మొదలుపెట్టాలి. ఈ తేడా ఒక్కసారి చెప్పి ఉంటే సగం మంది అంచులు బాగుపడేవి. ఆ మెసేజ్‌లో దీని ఊసే లేదు.

గుండ్రంగా అల్లేటప్పుడైతే లెక్కే సర్వస్వం. సింగిల్ క్రోషేతో చదునైన చక్రం కావాలంటే 6, 12, 18, 24, 30. చుట్టుకు సరిగ్గా ఆరు పెరగాలి. డబుల్ అయితే 12, 24, 36. పెంచడం మర్చిపోతే అంచులు లేచి గిన్నె అవుతుంది. ఎక్కువ పెంచితే కుచ్చిళ్ళు పడుతుంది. చుట్టును కలిపే స్లిప్ స్టిచ్‌ను కూడా కుట్టుగా లెక్కేసుకుని, తర్వాతి చుట్టులో దాంట్లోనూ అల్లేయడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. చుట్టులో మొదటి కుట్టుకు పిన్నీసు ఉంటే అది జరగదు.

బోర్డర్ కప్పేస్తుందట! బోర్డర్ ఏ అంచును పట్టుకుంటే ఆ అంచు వెంటే పోతుంది. వంకర గోడకు సున్నం వేస్తే గోడ తిన్నగా అవుతుందా?

మొదటి సలహాకు ఉదాహరణ మన నర్సాపురం లేసు. "ఎంత బిగించి అల్లితే అంత నాణ్యం, నర్సాపురం లేసు చూడండి" అన్నారు. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన ఆ పని గురించి రాసేముందు ఒక ముక్క చేతిలోకి తీసుకుని చూడాల్సింది. సన్నటి నూలు దారం, దానికి తగ్గ సన్నటి స్టీలు సూది (అంటే హుక్కే). ఆ గట్టిదనం దారానికీ సూదికీ ఉన్న పొంతన వల్ల వచ్చింది, చేత్తో లాగి బిగించడం వల్ల కాదు. పైగా ఆ లేసులో పూలు, చక్రాలు ఒక్కొక్కటి ఒక్కో ఇంట్లో అల్లుతారు, వాటిని జోడించే అతుకుపని ఇంకొకరు చేస్తారు. వేర్వేరు చేతుల్లో తయారైన ముక్కలు ఒకే కొలతకు రాకపోతే అతుకు కుదరదు. అవే దారం, అదే సూది, అవే కుట్లు కాబట్టి కుదురుతోంది. లెక్క అక్కర్లేదని చెప్పే మెసేజ్‌కు ఆ లేసునే సాక్ష్యంగా తెచ్చుకున్నారు!

బిగించి అల్లితే ఏమవుతుందో హుక్కును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కొక్కెం కింద సన్నటి మెడ ఉంటుంది, దాని కింద పూర్తి లావు ఉన్న భాగం. మీరు కొన్న 4 మి.మీ. కొలత ఆ లావు భాగానిది. దారం లాగి ఉచ్చును మెడ దగ్గరే బిగిస్తే అది మూడు మి.మీ. ఉచ్చే అవుతుంది, తర్వాతి వరుసలో హుక్కు దూరదు. దూర్చబోతే దారం పురి విడిపోయి, పేటల మధ్యలోంచి గుచ్చుకుపోతుంది. ప్రతి ఉచ్చునూ లావు భాగం మీదికి జరిపి, అక్కడ కుదురుకోనిచ్చాకే తర్వాతి పని. దారం పట్టు ఎడమచేతి వేళ్ళ మధ్య ఉండాలి: చిటికెన వేలికి ఒక చుట్టు, చూపుడువేలి మీదుగా బయటికి. కుట్టు పూర్తయ్యాక కుడిచేత్తో గుంజే అలవాటు ఉంటే మానండి, బొటనవేలి మొదలు, మణికట్టు నొప్పి పెట్టేది దానివల్లే. మొదటి చైన్ల వరుస బిగిస్తే కింది అంచు ముడుచుకుని ముక్క మొత్తం విల్లులా వంగుతుంది. ఆ ఒక్క వరుసకు అర నుంచి ఒక మి.మీ. పెద్ద హుక్కు వాడండి.

బొమ్మలు అల్లేటప్పుడు మాత్రం లోపలి దూది కనబడకుండా గట్టి అల్లిక కావాలి. ఊలు లేబుల్ మీద హుక్కు 4 మి.మీ. అని ఉంటే 3 తోనో, 2.5 తోనో అల్లండి. హుక్కు మారాలి, చేతి పట్టు మారకూడదు.

"సింగిల్, డబుల్ ఎక్కడైనా ఒకటే" అన్నది మరో సలహా. అమెరికన్ సింగిల్‌నే బ్రిటన్‌లో డబుల్ అంటారు. అమెరికన్ డబుల్ అక్కడ ట్రెబుల్. అమెరికన్ ట్రెబుల్ అక్కడ డబుల్ ట్రెబుల్. బ్రిటిష్ ప్యాటర్న్‌ను (అల్లిక ఎలా చేయాలో రాసిన సూచనలను) అమెరికన్ పేర్లతో అల్లితే ప్రతి వరుసా ఎత్తు పెరుగుతుంది, అల్లిక వదులవుతుంది, కొన్న ఊలు మధ్యలోనే అయిపోతుంది. గుర్తుపట్టడం తేలిక: ప్యాటర్న్‌లో "సింగిల్ క్రోషే" అన్న మాట ఉంటే అది అమెరికన్‌ది, ఎందుకంటే బ్రిటిష్ పేర్లలో సింగిల్ లేనే లేదు.

"ముందుగా కొలత ముక్క అల్లడం టైం వేస్టు." మఫ్లరుకైతే నిజంగానే అక్కర్లేదు. ఒంటికి వేసుకునేదైతే ఈ లెక్క చూడండి. ప్యాటర్న్ ప్రకారం 10 సెం.మీ.కు 16 కుట్లు రావాలి, మీకు 18 వస్తున్నాయి. రెండు కుట్లే కదా అనిపిస్తుంది. స్వెటర్ వెనక భాగం 80 కుట్లు అయితే 50 సెం.మీ. రావాల్సింది 44 చిల్లర వస్తుంది. ముందూ వెనకా కలిపితే 11 సెం.మీ. తక్కువ. రెండు నెలలు అల్లింది ఒంటికి బిగుతైపోతుంది. 15 సెం.మీ. చదరం అల్లి, ఉతికి ఆరబెట్టి, మధ్యలో 10 సెం.మీ. కొలవండి. కుట్లు ఎక్కువ వస్తే పెద్ద హుక్కు, తక్కువ వస్తే చిన్న హుక్కు.

"చివర రెండు ముళ్ళు వేసి దారం మొదలంటా కత్తిరించేయండి" అన్నదాని దగ్గర నాకు కోపం కాదు, భయం వేసింది. నున్నటి నూలు దారంలో ముడి జారుతుంది. ఒకసారి జారితే కుట్లు ఒక్కొక్కటే విడిపోతాయి. పసిపిల్లల మేజోళ్ళలో, టోపీల్లో ఊడిన పోగు చిన్న వేలికి చుట్టుకుంటే రక్తప్రసరణ ఆగే ప్రమాదం ఉంది. బొమ్మకు పెట్టిన పూస కన్ను ఊడితే అది నేరుగా నోట్లోకే పోతుంది. కనీసం 15 సెం.మీ. దారం వదలండి. మొద్దు మొన, పెద్ద కన్ను ఉన్న సూదితో కుట్ల లోపలినుంచి నాలుగైదు సెంటీమీటర్లు తీసుకెళ్ళి, ఒక పోగు వదిలి వెనక్కి తిప్పండి, మళ్ళీ ఒకసారి ముందుకు తీయండి. ఆ తర్వాతే కత్తెర.

ఇస్త్రీ చేస్తే ఫినిషింగ్ వస్తుందట. షాపులో ఊలు అని అడిగితే ఇచ్చేదాంట్లో చాలావరకు ఆక్రిలిక్. అంటే ప్లాస్టిక్ పోగు. ఇస్త్రీ పెట్టె తగిలితే మెత్తబడి చప్పిడి అయిపోతుంది, మళ్ళీ ఉబ్బదు. తడిపి, తువ్వాలు మీద పరిచి, కొలతకు లాగి పిన్నులు గుచ్చి నీడలో ఆరనివ్వండి. నూలు లేసుకైతే గంజి పెట్టి ఇస్త్రీ నిక్షేపంగా చేయొచ్చు.

హుక్కును ఇలాగే పట్టుకోవాలన్నారు, పెన్సిల్‌లా పట్టుకున్నా కత్తిలా పట్టుకున్నా తేడా లేదు. ఎడమచేతివాటం వాళ్ళు కుడికి మారాలన్నారు, అక్కర్లేదు, వీడియోను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి చూసుకుంటే చాలు. నల్ల ఊలుతో మొదలుపెడితే మురికి కనబడదన్నారు, కుట్లు కూడా కనబడవు. లేత రంగు తీసుకోండి.

మిగిలింది ఒక్కటి: "ఒక కుట్టు తగ్గిందని అంతా విప్పకండి." లెక్క గురించి ఇంత గొడవ చేశాక ఇది ఒప్పుకుంటానని ఎవరూ అనుకుని ఉండరు, కానీ ఇది నిజం. సాదా పట్టీలో ఒకటి తగ్గితే, తర్వాతి వరుస మధ్యలో ఎక్కడో ఒకే కుట్టులో రెండు అల్లితే సరిపోతుంది. ఎక్కువైతే రెండింటిని కలిపి ఒకటి చేయండి. అంచు దగ్గర మాత్రం ఈ సర్దుబాటు వద్దు, అక్కడ కనబడుతుంది. ఆరేసి కుట్లకు ఒకసారి డిజైన్ తిరిగే లేసు అయితే ఇది కుదరదు, ఆకు పక్కకు జరిగిపోతుంది. దాన్ని తప్పు జరిగిన వరుసదాకా విప్పాల్సిందే. విప్పేముందు ఆ వరుస కింద, మంచిగా ఉన్న వరుసకు ఒక పిన్నీసు పెట్టుకోండి, చెయ్యి అక్కడ ఆగుతుంది.