ప్రిలిమ్స్ దాటితే సగం ఉద్యోగం వచ్చినట్టేనా?
బ్యాంకు క్లర్క్ పరీక్షలో మొదటి దశ అయిన ప్రిలిమ్స్ గట్టెక్కితే ఉద్యోగం సగం వచ్చినట్టేనని ఒకరు రాశారు, నాకు పేచీ అక్కడే. ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే సంస్థ) క్లర్క్‌లో ప్రిలిమ్స్ మార్కులు ఫైనల్ మెరిట్‌లో కలవవు, ఇంటర్వ్యూ కూడా లేదు, అంతా రెండో దశ పరీక్ష మెయిన్స్ మీదే. మొదటిసారి నేనూ ఇలాగే అనుకుని, రిజల్ట్ వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో అందరికీ మిర్చి బజ్జీలు తినిపించి వారం పాటు పుస్తకం ముట్టలేదు (మా అమ్మయితే ఊళ్లో మావాడికి బ్యాంకు ఉద్యోగం వచ్చేసిందనే చెప్పేసింది!). మెయిన్స్‌లో బ్యాంకింగ్ అవేర్‌నెస్ దగ్గర దొరికిపోయాను. తెలియనివాటికి గుడ్డిగా టిక్కులు పెట్టేసరికి నెగిటివ్ మార్కులు మిగిలినవీ తినేశాయి. రెండోసారి ప్రిలిమ్స్ రాసిన మర్నాడే, ఎన్ని రైటో లెక్కేసుకోకుండా, చిక్కడపల్లి లైబ్రరీలో కరెంట్ అఫైర్స్ ముందేసుకుని కూర్చున్నాను.