సొమ్మొకడిది, టైము కొన్నదొకడు

రెండో ప్రపంచ యుద్ధం గురించి తెలుగులో ఏ వీడియో చూసినా, ఏ పోటీ పరీక్షల నోట్సు తిరగేసినా ఒకటే పాట. మొదటి యుద్ధం తర్వాత జర్మనీ మీద రుద్దిన వెర్సాయ్ సంధి అవమానం, ఆర్థిక మాంద్యం, హిట్లర్ పిచ్చి, నానాజాతి సమితి చేతగానితనం. నాలుగు పాయింట్లు, నాలుగు మార్కులు. వాటిలో అబద్ధమేమీ లేదు. కానీ అలా చదివితే వానలు పడ్డాయి, ఏరు పొంగింది, ఊరు మునిగింది అన్నట్టుంటుంది. మనుషులెవరూ ఏమీ చెయ్యనట్టు! నాకు ఒళ్లు మండేది అక్కడే. 1935 నుంచి 1939 దాకా ప్రతి మెట్టు దగ్గరా ఒక గది ఉంది. ఆ గదిలో ఒక బల్ల, దాని చుట్టూ సంతకాలు పెట్టిన పెద్దమనుషులు ఉన్నారు. పేర్లతో సహా దొరుకుతారు.

వాళ్లందరి లెక్కా ఒక్కటే. యుద్ధం తప్పకపోతే పోనీ, మన గుమ్మంలోకి రాకుండా ఇంకొకడి మీదికి మళ్లితే చాలు, ఈలోగా మనకి టైము దొరుకుతుంది. ఆ టైముకి కట్టిన ధర మాత్రం ఒక్కడూ తన జేబులోంచి తియ్యలేదు.

1935 ఏప్రిల్‌లో ఇటలీలోని స్ట్రెసాలో బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ కూర్చుని, జర్మనీ సంధుల్ని తుంగలో తొక్కితే ఊరుకోం అని గట్టిగా చెప్పాయి. రెండు నెలలు తిరిగేసరికి, జూన్ 18న, బ్రిటన్ తనంతట తాను హిట్లర్‌తో నౌకాదళ ఒప్పందం చేసుకుంది. మా నౌకాదళంలో 35 శాతం దాకా మీరూ కట్టుకోండి అని. ఫ్రాన్స్ ఒప్పుకుంటుందో లేదో పట్టించుకోలేదు. వెర్సాయ్ సంధిని హిట్లర్ చింపాడంటాం కదా, చింపేటప్పుడు రెండో కొస పట్టుకున్నది లండన్. అదే ఏడు అక్టోబర్‌లో ఇటలీ నియంత ముస్సోలినీ ఇథియోపియా మీద పడ్డాడు. సమితి ఆంక్షలు పెట్టింది, చమురు జోలికి మాత్రం పోలేదు! సూయజ్ కాలువలో ఇటలీ ఓడలు సుంకం కట్టి మరీ దర్జాగా దాటాయి. ఆ ముందు చైనాలోని మంచూరియాని జపాన్ ఆక్రమిస్తుంటే చూస్తూ ఊరుకున్నవాళ్లకి ఇదేం కొత్త కాదు.

1936 మార్చి 7న జర్మన్ సైన్యం, సంధి ప్రకారం తాను అడుగుపెట్టకూడని రైన్‌లాండ్ ప్రాంతంలోకి నడిచింది. నది దాటి లోపలిదాకా వెళ్లినవి మూడు బెటాలియన్లు. ఫ్రాన్స్ దగ్గర యూరప్‌లోకెల్లా పెద్ద సైన్యాల్లో ఒకటి ఉంది. కానీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. సైన్యాధిపతి గామెలాన్‌ని అడిగితే, దేశమంతటా సైనిక సమీకరణ చేస్తే తప్ప కదల్లేం అన్నాడు. ఓట్ల ముందు ఆ మాట ఎత్తే మంత్రి ఎవడు? లండన్‌ని అడిగారు. లండన్ తొందరపడొద్దంది. అంతే, అయిపోయింది. హిట్లర్‌ని చవగ్గా ఆపగలిగిన ఆఖరి రోజులు అవేనని నా గట్టి అభిప్రాయం. ఆ తర్వాత ప్రతిసారీ రేటు పెరుగుతూనే పోయింది.

ఇక మ్యూనిక్. 1938 సెప్టెంబర్ 29. బ్రిటన్ ప్రధాని ఛాంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని డలాడియర్, హిట్లర్, ముస్సోలినీ ఒక గదిలో కూర్చుని చెకొస్లొవేకియా సరిహద్దు ప్రాంతాన్ని కోసి జర్మనీకి ఇస్తున్నారు. ముస్సోలినీ తన ప్రతిపాదన అంటూ తీసిన కాగితం బెర్లిన్‌లో తయారైనదే. ఎవరి దేశాన్ని కోస్తున్నారో ఆ దేశం తరఫున వచ్చిన ఇద్దరు దౌత్యవేత్తలు హోటల్లో, పోలీసు కాపలాలో కూర్చున్నారు. వాళ్లని లోపలికి రానివ్వలేదు. సంతకాలయ్యాక, అర్ధరాత్రి దాటాక పిలిచి చేతిలో కాగితం పెట్టారు. వాళ్లు ఏదో అడగబోతుంటే ఛాంబర్లేన్ ఆవులిస్తూనే ఉన్నాడని ఆ ఇద్దరిలో ఒకాయన తన నివేదికలో రాసుకున్నాడు. నాకు మ్యూనిక్ అంటే శాంతి తెచ్చానంటూ ఛాంబర్లేన్ విమానం దిగి ఊపిన కాగితం కాదు, ఆ ఆవులింతే.

ఛాంబర్లేన్‌ని వెనకేసుకొచ్చేవాళ్ల వాదన నాకు తెలుసు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు అప్పుడప్పుడే వస్తున్నాయి, రాడార్ వలయం పూర్తి కాలేదు, ఆ ఏడాది దొరక్కపోతే 1940లో లండన్ నిలబడేది కాదు అంటారు. ఇందులో నిజముంది, కాదనను. కానీ తక్కెడకి రెండో పళ్లెం కూడా ఉంటుంది కదా. చెక్‌ల దగ్గర సమీకరణ అయితే 35 డివిజన్ల సైన్యం, కొండల్లో కట్టుకున్న కోటలు, ప్ల్జెన్‌లో స్కోడా ఆయుధ కర్మాగారం. ఆ కోటలు తూటా పేలకుండా హిట్లర్ చేతికొచ్చాయి. మిగతా చెక్ ప్రాంతాన్ని 1939 మార్చి 15న మింగేశాడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్ మీదికి జర్మన్ సేనాని రోమెల్ తోలుకొచ్చిన డివిజన్‌లో దాదాపు సగం ట్యాంకులు చెక్ తయారీవే! టైము బ్రిటన్‌కి దొరికిన మాట నిజమే. ట్యాంకులు మాత్రం అవతలివాడికి దొరికాయి.

పోలండ్‌ని కూడా వదలను. చెక్‌ల పీక మీద కత్తి ఉన్నప్పుడే టెషెన్ ముక్క నాకు కావాలని వెళ్లి లాక్కుంది. పదకొండు నెలల్లో తన వంతొచ్చింది.

అన్నిటికంటే నన్ను కుదిపేసేది బంగారం కథ. చెక్ జాతీయ బ్యాంకుది సుమారు 23 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నేలమాళిగలో, స్విట్జర్లండ్‌లోని బాసెల్‌లో, దేశాల కేంద్ర బ్యాంకుల మధ్య లెక్కలు చూసే అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు (BIS) ఖాతా కింద ఉండేది. చెక్ రాజధాని ప్రాగ్ పడిపోయిన రోజుల్లోనే దాన్ని జర్మనీ కేంద్ర బ్యాంకు రైక్స్‌బ్యాంక్ పేరుకి మార్చమని బాసెల్ నుంచి ఆదేశం వచ్చింది. మార్చేశారు! బంగారం బీరువాలో ఉన్నది ఉన్నట్టే, పుస్తకంలో పేరు మారింది. దొంగ ఇంట్లో జొరబడితే, ఊళ్లో ఉన్న లాకరు తాళం కూడా తెచ్చిచ్చినట్టు. రూల్స్ ప్రకారమే చేశాం అన్నారు. రూల్స్ ప్రకారమేనట!

ప్రాగ్ తర్వాత ఛాంబర్లేన్‌కి మెలకువొచ్చింది. మార్చి 31న పోలండ్‌కి హామీ ఇచ్చాడు. పోలండ్‌కి సాయం చెయ్యగల దూరంలో ఉన్న పెద్ద సైన్యం ఒక్కటే, సోవియట్ రష్యా ఎర్రసైన్యం. దానితో ముందు మాట్లాడి హామీ ఇవ్వాలా, హామీ ఇచ్చేసి తర్వాత మాట్లాడాలా? వీళ్లు రెండోది చేశారు. అదీ ఎంత తీరుబడిగానో చూడండి.

ఆగస్టు 5న బ్రిటిష్, ఫ్రెంచ్ సైనిక బృందం మాస్కోకి బయల్దేరింది. విమానంలో కాదు. వేగంగా వెళ్లే యుద్ధనౌకలో పంపితే రష్యన్లకి మరీ పెద్దపీట వేసినట్టవుతుందని, సిటీ ఆఫ్ ఎక్సిటర్ అనే నిదానపు ప్రయాణికుల ఓడ ఎక్కించారు. తలపాగాల భారతీయ స్టీవార్డులు కూరలు వడ్డిస్తుంటే తింటూ వెళ్లారు. మాస్కో చేరేసరికి 11వ తేదీ. నాయకుడు బ్రిటిష్ అడ్మిరల్ డ్రాక్స్. ఆయన దగ్గర సంతకం చేసే అధికారం కాదు కదా, రాతపూర్వకమైన అధికార పత్రమే లేదు. మొదటిరోజే సోవియట్ రక్షణ మంత్రి మార్షల్ వొరోషిలోవ్ అది అడిగితే నీళ్లు నమలాల్సొచ్చింది. పైగా చర్చలు బాగా మెల్లగా నడపమని లండన్ చెప్పి పంపింది. హిట్లర్ పోలండ్ సరిహద్దుకి సైన్యాన్ని తోలుతుంటే!

వొరోషిలోవ్ సూటిగా అడిగాడు. మీ దగ్గర ఎన్ని డివిజన్లున్నాయి? ప్రస్తుతానికి అయిదు పదాతి, ఒక యాంత్రిక డివిజన్ అన్నారు బ్రిటిష్‌వాళ్లు. సోవియట్ వైపు వాళ్లు 120 పదాతి డివిజన్ల లెక్క చెప్పారు. రెండో ప్రశ్న: జర్మనీతో తలపడాలంటే మా సైన్యం పోలండ్ మీదుగా వెళ్లాలి, దారిస్తారా? దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. పోలండ్ రాజధాని వార్సా ససేమిరా అంది. వార్సాని తప్పుపట్టలేను. వచ్చిన రష్యా మళ్లీ పోదని వాళ్ల భయం, అది ఉత్త భయం కాదని తర్వాత తేలింది కూడా.

ఆగస్టు 20న హిట్లర్ నేరుగా స్టాలిన్‌కి తంతి కొట్టాడు, నా మంత్రిని పంపుతా, 23 లోపు కలవమని. 23న ఆ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ విమానంలో దిగాడు. ఒకరి మీద ఒకరు పడకూడదని ఆ రాత్రికే ఒప్పందం అయిపోయింది. రహస్య పత్రంలో నారెవ్, విస్తులా, సాన్ నదుల వెంబడి పోలండ్‌ని నిలువునా చీల్చుకున్నారు. ఓడలో వచ్చినవాళ్లు ఇంకా మాస్కోలోనే ఉన్నారు. తొమ్మిదో రోజుకి యుద్ధం మొదలైంది.

మన దగ్గర ఎర్రజెండా అభిమానులు ఇక్కడ ఛాంబర్లేన్ పాఠమే అప్పజెప్తారు, పేరు మార్చి. పడమటి దేశాలు మోసం చేశాయి, స్టాలిన్ టైము కొన్నాడు అంటారు. మొదటి సగం నిజం. మరి టైము మాటేంటి? 1939లో జర్మనీకి పడమట ఫ్రాన్స్ సైన్యం ఉంది. 1941 జూన్ నాటికి అది లేదు, ఆరు వారాల్లో కుప్పకూలింది. ఆ 22 నెలలూ సోవియట్ చమురు, ధాన్యం, మాంగనీసు రైళ్లలో జర్మనీకి పోతూనే ఉన్నాయి. అయిదుగురు మార్షళ్లలో ముగ్గుర్ని తానే 1937-39 మధ్య బలిచ్చుకున్నవాడు, ఆ టైముతో ఏం సిద్ధమయ్యాడో హిట్లర్ రష్యా మీద పడ్డ 1941 జూన్ 22న కనిపించింది.

అమెరికా గురించి రెండు ముక్కలు. చట్టాలు చేసుకుని మరీ తటస్థంగా కూర్చుంది. చైనాని తగలబెడుతున్న జపాన్‌కి కావలసిన చమురులో ఎక్కువ భాగం అమ్మింది కూడా తానే, 1941 వేసవి దాకా.

మరి మనం? సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో, ఇక్కడ ఒక్కర్నీ అడక్కుండా, భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. అంతకు ఏడాది ముందే ప్రాగ్ వెళ్లి చూసొచ్చి, చెక్‌లని అమ్మేస్తున్నారని బ్రిటిష్ పత్రికకి రాసిన నెహ్రూనీ అడగలేదు. దానికి నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. హైదరాబాద్‌లో నిజాం డబ్బిస్తే ఒక స్పిట్‌ఫైర్ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు పెట్టారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయి. ఎవరి టైముకి ఎవరు ధర కట్టారో మన తీరానికీ ఆ రోజు తెలిసొచ్చింది.

ఛాంబర్లేన్ తరఫునో స్టాలిన్ తరఫునో నాతో వాదించాలనుకునేవాళ్లు రండి, మహారాజులా రండి. 1938 సెప్టెంబర్ మ్యాపొకటి, 1941 జూన్ మ్యాపొకటి పక్కపక్కన పెట్టుకుని రండి. కొన్న టైములో ఎవరి రంగు ఎంత మేర పాకిందో ముందు అది చెప్పి, ఆ తర్వాత నన్ను తిట్టండి.