ఆరో నెల ర్యాంకరు

మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన కొత్త ఫ్లెక్సీ కట్టారు: ‘నర్సరీ నుంచే ఐఐటీ ఫౌండేషన్’. చదివి చాలా బాధేసింది. నర్సరీ దాకా ఆగడమేంటండీ? అభిమన్యుడు తల్లి కడుపులోనే మొదలెట్టాడు, మనవాడికి అప్పటికే మూడేళ్లు లేటు.

మొన్న బంధువుల ఇంట్లో అన్నప్రాసన. బిడ్డ ముందు పుస్తకం, కలం, కత్తి, బంగారం పెడతాం కదా, అక్కడ కత్తి తీసేసి (రౌడీ అవుతాడని నానమ్మ భయం) లాప్‌టాప్ పెట్టారు. ఆరు నెలల పిల్లాడు ఆసరా లేకుండా కాసేపు కూర్చుంటేనే గొప్ప, చాలామందికి పాకడం రావాలంటే ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది. అలాంటి వాణ్ణి బోర్లా పడుకోబెట్టి ‘పాకు నాన్నా, పాకు’ అని ఇంటిల్లిపాదీ అరుపులు. వాడు ఈత కొడుతున్నట్టు కాళ్లూ చేతులూ ఆడించి, ఉన్నచోటే గుండ్రంగా తిరిగి, పాయసం గిన్నె వైపు ఆగాడు. తండ్రి మొహం మాడిపోయింది. తాతగారు లాప్‌టాప్‌ని జానెడు ముందుకు జరిపారు, బాబాయి ఇంకో జానెడు, చివరికి చేతి కిందికే తోసేస్తే వాడు దాని మూల పట్టుకుని చప్పరించాడు. ‘సాఫ్ట్‌వేరే!’ అని చప్పట్లు. ఆ వయసులో చేతికి ఏది అందినా నోట్లోకే వెళ్తుంది, చెప్పు పెట్టినా చప్పరిస్తాడు, అప్పుడు చెప్పుల షాపు పెట్టిస్తారా?

ఇక ఆ నర్సరీ. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ ఇంకా మెత్తగానే ఉంటాయి, మూడేళ్లకి రెండో మూడో గట్టిపడతాయి. ఆ చేత్తో నాలుగు గీతల కాపీ రెండు పేజీలు నింపాలి, లేకపోతే డైరీలో ‘రైటింగ్ స్లో’ అని ఎర్ర ఇంకు. ఒకటో తరగతికి ఆరేళ్లు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం అంటే, పుట్టినతేదీ ఓ ఆరు నెలలు వెనక్కి జరపొచ్చా అని నన్నే అడిగాడొకాయన.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇంటర్ హాస్టల్ దగ్గరికొచ్చేసరికి నాకు నవ్వు రాదు. ఆ వయసులో ఒంట్లో గడియారమే ఆలస్యంగా నడుస్తుంది, రాత్రి పొద్దుపోతేగానీ నిద్ర పట్టదు, అయినా ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. వీళ్లేమో పదకొండు దాకా స్టడీ అవర్ పెట్టి అయిదింటికి గంట కొడతారు. మంచీ చెడూ ఆలోచించి ఆగమని చెప్పే మెదడు ముందుభాగం ఇరవై దాటాక కూడా పెరుగుతూనే ఉంటుందని డాక్టర్లు మొత్తుకుంటుంటే, పదహారేళ్లవాణ్ణి వారం వారం మార్కులు చూసి సెక్షన్ మార్చి అందరి ముందూ నిలబెడతారు. 2023లో రాజస్థాన్‌లోని కోచింగ్ ఊరు కోటాలో, పిల్లల ఆత్మహత్యలు ఆపాలని హాస్టళ్ల ఫ్యాన్లకి స్ప్రింగులు బిగించమన్నారు, బరువు పడితే కిందికి జారేలా. ఫ్యాన్లకట! సిగ్గనేది ఉందా మనకి? ఇదంతా తెలిసీ అదే హాస్టల్‌కి లక్షలు కట్టి, వాడికి దొరికే ఆ పది నిమిషాల ఆదివారం ఫోన్‌లో ‘తిన్నావా’ అనకుండా ‘ర్యాంకెంత’ అంటాం.