జైలు గేటు దగ్గరే ఆగిపోతున్న సేవ

గాంధీ జయంతి వస్తే జైళ్లలో పళ్లు, రొట్టెలు పంచుతారు. ప్రజాప్రతినిధులు వస్తారు, పరివర్తన మీద ఉపన్యాసాలు ఇస్తారు, ఫొటోలు దిగుతారు. మర్నాడు అదే జైలుకు ఒక స్వచ్ఛంద కార్యకర్త వెళ్లి, బెయిల్ వచ్చినా జామీను దొరక్క లోపలే ఉండిపోయినవారి పేర్లు ఇవ్వండి, వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడతామంటే పై నుంచి పర్మిషన్ తెచ్చుకోమంటారు. పైవారిని అడిగితే కింది నుంచి రిపోర్టు రావాలంటారు. నెలలు గడుస్తాయి. ఈలోగా సూపరింటెండెంటు బదిలీ అయితే కథ మళ్లీ మొదటికొస్తుంది. సేవ చేస్తామన్నవారిని పండగకు అతిథులుగా పిలిచి, పని చేస్తామని వస్తే అనుమానంగా చూసే ఈ ద్వంద్వ నీతిని ఇక సహించకూడదు.

జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నూటికి దాదాపు 76 మంది మీద నేరం ఇంకా రుజువే కాలేదు. వారిలో బెయిల్ ఆర్డరు చేతికొచ్చీ బయటపడలేని పేదలూ ఉన్నారు.

జామీను అంటే ఏమిటో కోర్టు మెట్లెక్కిన పేదవాడిని అడగాలి. ఇద్దరు మనుషులు పూచీ ఉండాలి. ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, జీతం సర్టిఫికెట్టో తేవాలి. ఆధార్ జిరాక్సులు పట్టుకుని, ఆ రోజు కూలి వదులుకుని కోర్టుకు రావాలి. ఊళ్లో ఉన్న పెంకుటింటి పన్ను రసీదు ఎప్పుడో చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటుంది. దొంగతనం కేసులో ఇరుక్కున్నవాడికి నేనెందుకు పూచీ ఉండాలని సొంత మేనమామే తప్పుకుంటాడు. చివరికి ముసలితల్లి కోర్టు బయట తిరిగే బ్రోకర్ చేతిలో పడుతుంది. అప్పు చేసి వేలు ముట్టజెప్పాక ఆ జామీను కాగితాలు దొంగవని తేలితే మళ్లీ పోలీసులు, మళ్లీ కోర్టు. ఆ తల్లి వెంట పంచాయతీ ఆఫీసుకు నడిచే మనిషి, మేనమామను కూర్చోబెట్టి ఒప్పించే మనిషి ఒక్కరుంటే కొడుకు ఇంటికొస్తాడు. స్వచ్ఛంద కార్యకర్త చేసే పని ఇదే. ఇందులో ఏ కుట్ర కనిపిస్తోంది?

సుప్రీంకోర్టుకైతే కనిపించలేదు. 1978లోనే మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, ఆస్తి పక్క జిల్లాలో ఉందని సోదరుడి పూచీని తోసిపుచ్చిన మేజిస్ట్రేట్‌ను తప్పుబట్టారు. 45 ఏళ్ల తర్వాత, 2023 జనవరి 31న స్థానిక జామీనుకే పట్టుబట్టవద్దని అదే కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. బెయిల్ వచ్చిన ఖైదీ ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలనీ, అక్కడి నుంచి న్యాయసాయంలో శిక్షణ పొందిన పారా లీగల్ వలంటీర్‌నో జైలును సందర్శించే న్యాయవాదినో పంపి సాయం చేయించవచ్చనీ ఆ ఉత్తర్వులోనే ఉంది. 2023లోనే కేంద్రం పేద ఖైదీల కోసం పథకం తెచ్చింది. విచారణ ఖైదీకి 40 వేల రూపాయల దాకా, జరిమానా కట్టలేక ఆగిపోయిన శిక్షా ఖైదీకి 25 వేల దాకా ఇస్తామంది. ఆ మార్గదర్శకాల్లోనూ సామాజిక కార్యకర్తల సాయం తీసుకోవచ్చని రాశారు. అయినా రాష్ట్రాలు సరిగా వాడుకోవడం లేదని హోంశాఖే లేఖలు రాయాల్సి వచ్చింది. కాగితం మీద వలంటీర్ కావాలి, గేటు దగ్గర వద్దు. ఇది ద్వంద్వ నీతి కాకపోతే మరేమిటి?

భద్రత ముఖ్యమనీ, బయటివారి చేతుల మీదుగా సెల్‌ఫోన్లు, గంజాయి లోపలికి వెళతాయనీ జైలు అధికారులు అంటారు. తనిఖీ చేయండి, ఎవరు కాదన్నారు? జైల్లో ఖైదీని ఇంటర్వ్యూ చేసిన ఒక డాక్యుమెంటరీ మీద రేగిన వివాదం తర్వాత 2015లో సందర్శకుల మీద ఆంక్షలు పెట్టాలని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు సూచించింది. కెమెరాతో వచ్చేవారి కోసం పుట్టిన ఆ భయాన్ని, జామీను కాగితాలతో వచ్చేవారి మీద రుద్దడం అన్యాయం.

తెలుగు నేలకు ఈ సేవ కొత్త కాదు. నేరస్థ జాతుల చట్టం పుణ్యమా అని ఊరు ఊరంతా దొంగల ముద్ర మోసిన స్టువర్టుపురంలో లవణం, జాషువా కుమార్తె హేమలతా లవణం దంపతులు ఏళ్ల తరబడి పనిచేశారు. సాయంత్రం ఉపన్యాసమిచ్చి కారెక్కి వెళ్లిపోలేదు. ఆ కుటుంబాల మధ్య తిరిగారు, పిల్లల చదువుల గురించి పట్టించుకున్నారు, పోలీసులతో మాట్లాడారు. వారి పేరు వేదికల మీద చెప్పుకునే అధికారులే వారిలాంటి పని చేస్తామని వచ్చే యువతను గేటు బయట నిలబెడుతున్నారు.

విడుదలయ్యాక మాత్రం ఏముంది? పండగ ముందు, ఎన్నికల ముందు పాత కేసులున్నవాళ్లను స్టేషన్‌కు పిలిచి, గొడవ చేయమని పూచీకత్తు రాయించుకుని బైండోవర్ చేస్తారు. పని ఇచ్చిన మేస్త్రీ మర్నాడే రావద్దంటాడు. ఇక ఆ ఇంటి పిల్లల సంగతి ఎవరికీ పట్టదు. తల్లితో జైల్లో ఉండే పిల్లలకు ఆరేళ్లు నిండితే బయటికి పంపాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రతివాదిగా ఉన్న కేసు అది. ఆరేళ్ల పిల్ల ఎవరింటికి వెళ్లాలి? అమ్మమ్మ ఊరు ఎక్కడ, బడిలో చేర్చేదెవరు, నెలకోసారి ములాఖత్‌కు తీసుకొచ్చేదెవరు? ఈ పనులకు శాఖల నుంచి మనిషి దొరకడం కష్టం. వలంటీర్ ఉన్నాడు. అతడికి బస్సు చార్జీ కూడా చేతి నుంచే.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వెంటనే చేయాల్సినవి ఉన్నాయి. స్వచ్ఛంద కార్యకర్తలకు పోలీసు వెరిఫికేషన్ చేసి ఏడాది చెల్లే గుర్తింపు కార్డులివ్వాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి. పారా లీగల్ వలంటీర్ల గౌరవ వేతనం బకాయి పెట్టకూడదు. ప్రతి జైలుకు ప్రభుత్వోద్యోగులు కాని సందర్శకులను (నాన్ అఫీషియల్ విజిటర్లను) నియమించి వారి పేర్లు ప్రకటించాలి.

అంతకంటే ముందు, బెయిల్ వచ్చి ఏడు రోజులు దాటినా మీ జైల్లో ఉన్నవారెందరో ఈ వారమే లెక్క తీయండి. ఆ జాబితా పంపని సూపరింటెండెంటు, అందినా వలంటీర్‌ను పంపని కార్యదర్శి సుప్రీంకోర్టు మాటను బేఖాతరు చేస్తున్నట్టే. వచ్చే అక్టోబరు 2న పళ్లు పంచడానికి జైలుకు వెళ్లే మంత్రులు ముందు ఆ జాబితా అడగాలి. అడగలేని వారు అక్కడికి వెళ్లనక్కర్లేదు.