కథ రెడీ, బొమ్మలే బాకీ

ఈ వారం భీమవరంలో ఒక కామిక్ యూనివర్స్, అంటే ఒకే లోకంలో అల్లుకున్న బొమ్మల కథల వరస, పుట్టింది. పేజీ ఒక్కటీ గీయలేదు గానీ ఫ్లెక్సీ కట్టేశారు. పోయిన నెల అమలాపురంలో ఒకటి పుట్టింది. దానికి లోగో ఉంది, ట్యాగ్‌లైన్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉంది, ఆ ఖాతాలో ‘త్వరలో’ అని ఒకే ఒక్క పోస్టు ఉంది. తణుకులో మూడోది పురిటినొప్పులు పడుతోందని వినికిడి.

ఈ యూనివర్స్‌లన్నిటికీ సృష్టికర్త ఒక్కడే. మనిషి మారతాడు గానీ మాట మారదు. “కథ రెడీగా ఉంది తమ్ముడూ, బొమ్మలేసేవాడే దొరకట్లేదు.”

దొరకట్లేదట! బాపు గారు పుట్టిన నరసాపురం ఇక్కడే ఉంది. దామెర్ల రామారావు గారి బొమ్మలున్న గ్యాలరీ రాజమండ్రిలోనే ఉంది. అలాంటి నేల మీద కుంచె పట్టేవాళ్ళకి కరువొచ్చిందని ఈయన గారి బాధ. కరువు బొమ్మలేసేవాళ్ళకి కాదండి, ఊరికే వేసేవాళ్ళకి.

సంప్రదాయం ప్రకారం మొదటి సమావేశం టీ కొట్టు దగ్గరే జరగాలి. సృష్టికర్త గారు బండికి స్టాండు వేసి, ఫోను తీసి, నోట్స్ తెరుస్తారు. ఎదురుగా ఇరవై రెండేళ్ళ కుర్రాడు, పాపం, స్కెచ్ పుస్తకం కూడా తెచ్చుకుంటాడు. దాన్ని ఎవరూ తెరవరు.

“ఏడు సంపుటాలు తమ్ముడూ. గోదారికి ఏడు పాయలు కదా, పాయకొకటి. ఒక్కోటి రెండొందల పేజీలు.”

“హీరో ఎవరండి?”

“పులసేంద్ర. సముద్రంలో పుడతాడు, వరదకి ఎదురీదుకుంటూ వస్తాడు. ఒంటినిండా పులస పొలుసుల కవచం. వెండి రంగు. ప్రతి పొలుసూ విడివిడిగా మెరవాలి.”

“ప్రతి పొలుసూనా అండి?”

“ఆయ్. అదే కదా హైలైటు!”

“మొదటి సీను ఏంటండి?”

సృష్టికర్త గారు గొంతు సవరించుకుని చదువుతారు. “ధవళేశ్వరం బ్యారేజీ. మూడో ప్రమాద హెచ్చరిక. పదివేల మంది సైన్యం. పులసేంద్ర ఒక్కడే వాళ్ళకి ఎదురుగా పరిగెత్తుకొస్తున్నాడు.” చదివి ఫోను జేబులో పెట్టేసుకుంటారు. “అంతే, సింపులు. ఒక్క పేజీలో అయిపోద్ది. వినాయక చవితికి మొదటి భాగం వదిలేద్దామా?”

ఆ నాలుగు ముక్కలు రాయడానికి ఆయనకి టీ చల్లారేంత సేపు పట్టింది. ఇక గీసేవాడి సంగతి. బ్యారేజీకి 175 గేట్లు. ఒడ్డు నుంచి చూస్తే అవన్నీ దూరం పోయేకొద్దీ చిన్నవవుతూ, ఒకదానికొకటి దగ్గరవుతూ, ఒకే బిందువు వైపు సాగాలి. గేటుకీ గేటుకీ మధ్య ఎడం క్రమంగా తగ్గకపోతే బ్యారేజీ నడుం విరిగినట్టు కనిపిస్తుంది. మూడో హెచ్చరిక అంటే 17 లక్షల క్యూసెక్కులు, 17.75 అడుగుల నీటిమట్టం. అంటే గేట్లన్నీ ఎత్తేసి ఉంటాయి, ప్రతి ఖానా కిందా నురగ. దాని మీద సైన్యం. పనితెలిసినవాడు ముందు వరసలో పది పన్నెండు మొహాలు వేసి, వెనక వరసకి తలపాగాలు మాత్రం, ఆ వెనక ఈటెల మొనలు మాత్రం వేసి, మిగతా తొమ్మిది వేల చిల్లర మందినీ దుమ్ములో కలిపేస్తాడు. అలా దొంగలెక్క వేసినా ఈ ఒక్క పేజీకి నాలుగైదు రోజులు పోతాయి. పరిగెత్తేవాడు ఇంకా పొలుసులతో అలాగే మిగిలి ఉన్నాడు.

పొలుసుల లెక్క కూడా తేల్చేద్దాం. 24 పేజీల సంచిక, పేజీకి 5 ప్యానెళ్ళు (బొమ్మల గళ్ళు), మొత్తం 120. వాటిలో సగంలోనే హీరో కనిపిస్తాడనుకుందాం. కవచానికి 300 పొలుసులనుకున్నా, సంచికకి 18,000. యానాం మార్కెట్లో చేపకి పొలుసు తీసేవాడికి డబ్బులిస్తారు. ఇక్కడ పొలుసు గీసేవాడికి వాటా ఇస్తారట!

పాత్ర రూపం నిర్ణయించేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘ఎంత బాగుంది’ కాదు, ‘ఐదొందల సార్లు గీయగలనా’. నల్లగా నీడ పోసేసినా మనిషిని గుర్తుపట్టేలా ఒక ఆకారం, ఒకటి రెండు గుర్తులు, అంతే. పులసేంద్రకి భుజం మీద నాలుగు పొలుసులు వేసి మిగతా కవచమంతా నలుపు పోస్తే, మిగతావి పాఠకుడే ఊహించుకుంటాడు. ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి ఒక్కో బొమ్మ, అర డజను హావభావాలు ఒక కాగితం మీద వేసుకుని గోడకి అంటించుకోవాలి. లేకపోతే మూడో పేజీలో ఉన్న మీసం పదమూడో పేజీకి చెవుల దాకా పాకుతుంది.

ఇది చెబితే సృష్టికర్త గారి మొహం మాడిపోతుంది. వెండి పొలుసులు లేకపోతే ఆటబొమ్మల మార్కెట్టు ఎలాగండి, టీషర్టుల మార్కెట్టు ఎలాగండి?

సరే, డైలాగుల దగ్గరికి రండి. సృష్టికర్త గారు స్క్రిప్టు పంపరు, వాయిస్ మెసేజీ పంపుతారు. అందులో ఒకే ప్యానెల్‌లో పులసేంద్ర కత్తి దూసి, గుర్రమెక్కి, కన్నీళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి తల్లి వైపు చూస్తాడు. ప్యానెల్ అంటే ఆగిన క్షణం. అందులో ఒక పనే పడుతుంది. ఈయన చెప్పినవి నాలుగు ప్యానెళ్ళు, తల్లి ఏడిస్తే ఐదు. పైగా ఆ ఒక్క ప్యానెల్‌లోనే పులసేంద్ర వంద మాటల గ్రాంథికం దంచుతాడు. తెలుగు మాటలు పొడుగు. ‘వెళ్ళిపోవాల్సొచ్చిందంటున్నాడు’ అన్న ఒక్క మాటే, డైలాగు రాసే బెలూను అంచులు తాకుతుంది. బెలూనుకి పన్నెండు, పదిహేను మాటలు దాటితే మొహాల మీద అక్షరాలే మిగులుతాయి. అందుకే తెలిసినవాడు రఫ్ స్కెచ్‌లోనే, బొటనవేలంత బొమ్మల దశలోనే, బెలూన్లకి చోటు వదులుతాడు. ముందు మాట్లాడేవాణ్ణి ఎడమ పక్క నిలబెడతాడు, ఎందుకంటే మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం. “డైలాగులు చివర్లో పెడదాంలే తమ్ముడూ” అన్నారంటే, జవాబు చెప్పేవాడు ప్రశ్న కంటే ముందే నోరు తెరుస్తాడు.

అక్షరాల తంటా వేరే. ఒత్తులు కింద పంక్తి మీదకీ, గుడులు పై పంక్తి మీదకీ పాకుతాయి కాబట్టి తెలుగుకి వరసల మధ్య ఎడం ఎక్కువ వదలాలి. పాత ఫొటోషాప్‌లో దక్షిణాసియా లిపుల ఆప్షను పెట్టుకోకపోతే ‘లక్ష్మి’ ముక్కలు ముక్కలవుతుంది. మీ యూనికోడ్ టైపింగు పట్టుకెళ్ళి ఇంకా యూనికోడ్‌కి పూర్వపు అను ఫాంట్లలోనే బతుకుతున్న డీటీపీ సెంటర్‌లో ఇస్తే పులసేంద్ర ఏ భాషలో అరుస్తున్నాడో బ్రహ్మకి కూడా అర్థం కాదు. ప్రెస్సుకి ఇచ్చే ముందు అక్షరాలన్నీ అవుట్‌లైన్లు (ఫాంటుతో పనిలేని గీతలు) చేసి పీడీఎఫ్ ఇవ్వాలి. యూనివర్స్ ఫ్లెక్సీ మీదే వత్తులు ఊడిపోయి ఉన్నాయి, చూశారో లేదో.

ఇప్పుడు అసలు ముక్క. “లాభంలో సగం సగం తమ్ముడూ.”

లెక్క వేద్దాం. రఫ్ స్కెచ్‌కి గంట, పెన్సిలుకి ఐదు, ఇంకుకి నాలుగు, అడుగు రంగులకి ఒకటిన్నర, మీద వెలుగునీడలకి రెండున్నర, అక్షరాలకి గంట. పేజీకి పదిహేను గంటలు. పగలు ఉద్యోగమో చదువో వెలగబెట్టి రాత్రిళ్ళు గీసేవాడు వారానికి ఒక పేజీ లాగితే గొప్ప. ఏడు సంపుటాలు, 1,400 పేజీలు, ఏడాదికి 52 వారాలు. అంటే 27 ఏళ్ళు. ఒక్క సంపుటానికే 3,000 గంటలు.

మూడు వేల గంటలు ఒక తక్కెట్లో వేసి, ‘నా దగ్గరో కథ ఉంది’ అన్న మాట రెండో తక్కెట్లో వేసి, సరిసమానం అంటావా? దేన్లో సగం ఇస్తావయ్యా? పుస్తకం లేదు, కొనేవాడు లేడు, లాభం ఎక్కడిది? ఫ్లెక్సీ కొట్టినవాడికి డబ్బులిచ్చావు. లోగో చేసినవాడికిచ్చావు. ప్రారంభోత్సవానికి సౌండు బాక్సులవాడికి అడ్వాన్సు ఇచ్చావు, శాలువాలు కొన్నావు, బిర్యానీ చెప్పావు. డబ్బులివ్వకూడనివాడు నీకు ఒక్కడే కనపడ్డాడు: పుస్తకం తయారుచేసేవాడు. పైగా వాడికి ‘పేరొస్తుంది’ అంటావు! ఎవరిస్తారు పేరు? కవరు మీద ‘సృష్టి’ అని నీ పేరు అరచేయంత, లోపల ‘బొమ్మలు’ అని వాడి పేరు చీమ తలకాయంత. తొమ్మిది నెలలు రాత్రిళ్ళు మేలుకుని, మణికట్టు వాచి, వేళ్ళు తిమ్మిరెక్కి, నలభై పేజీలు గీసి ఇచ్చాక నువ్వు దుబాయ్‌లో ఉద్యోగం వచ్చిందని వెళ్ళిపోతావు. ఆ నలభై పేజీలు వాడి హార్డ్ డిస్కులో పడుంటాయి. వాడు ఇంకోసారి పెన్సిలు పట్టడు. ఈ డెల్టాలో ఇలా పెన్సిలు వదిలేసిన కుర్రాళ్ళకి నువ్వు బాకీ. సగం కాదు, మొత్తం బాకీ.

చట్టం సంగతి కూడా సృష్టికర్త గారికి విన్నవించాలి. “నా ఐడియా ఎవరికీ చెప్పకు” అని కుర్రాడి చేత ఒట్టేయించుకుంటారు కదా, ఆలోచనకి కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చేసింది. రాసిన స్క్రిప్టుకి ఉంటుంది, గీసిన బొమ్మకి ఉంటుంది, టీ కొట్టు దగ్గర చెప్పినదానికి ఉండదు. 1957 చట్టం ప్రకారం హక్కులు రాసివ్వాలంటే కాగితం మీద సంతకం ఉండాలి, నోటిమాట చెల్లదు. ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే అని అర్థం. కాబట్టి తమ్ముళ్ళూ, ‘శాశ్వతంగా, విశ్వమంతటా’ అన్న మాటలు కనిపిస్తే ఆ కాగితం మడిచి వెనక్కిచ్చేయండి. విశ్వం దాకా పోయేవాడు రెండో టీ కూడా చెప్పలేదు.

“మీరెవరూ వేయకపోతే ఏఐతో చేయించుకుంటా” అన్నది ఆఖరి అస్త్రం. చేయించుకోండి. కన్నేసి ఉంచకపోతే మొదటి ప్యానెల్‌లో పులసేంద్రకి గడ్డం ఉంటుంది, రెండో దాంట్లో ఉండదు, మూడో దాంట్లో ఆయన ఇంకెవరో. బ్యారేజీకి గేట్లు ఒకసారి ముప్పై, ఒకసారి మూడొందలు.

ఎవరి కథ వాళ్ళే రాసుకుని గీసుకునేవాళ్ళకి ఇంత రామాయణం అక్కర్లేదు. కానీ వాళ్ళని ముంచేది కూడా ఈ ఏడు సంపుటాల పిచ్చే. మ్యాపులు, వంశవృక్షాలు, ఆయుధాల చరిత్ర అంటూ ఏడాది గడుస్తుంది, నాలుగో పేజీ పుట్టదు. ముందు తేల్చుకోవాల్సింది ఫోనులో కిందికి జరుపుతూ చదివే బొమ్మా, అచ్చు పుస్తకమా అని. ఫోను కోసం 800 పిక్సెళ్ళ వెడల్పున గీసింది అచ్చుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 2.7 అంగుళాలొస్తుంది. పెద్దగా గీసి చిన్నది చేసుకోవచ్చు, చిన్నది పెద్దవ్వదు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి. కథ 23 పేజీలొస్తే ఒక పేజీ పెంచండి, లేదా మూడు కోయండి. అంచు చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా గీయకపోతే కట్టింగులో తెల్ల గీత వస్తుంది. తెర మీద మిలమిలలాడిన కోనసీమ పచ్చ అచ్చులోకి దిగేసరికి ఉడికిన గోంగూరవుతుంది కాబట్టి, వెయ్యి కాపీలకి ముందు ఒక్క పేజీ ప్రూఫు తీయించండి.

వారం వారం ఇస్తామని మాటివ్వకండి. పదిహేను రోజులకొక భాగం అనండి, చేతిలో పూర్తయిన ఎనిమిది భాగాలు పెట్టుకుని మొదటిది వదలండి. ఆ నిల్వని తినేసేవి మన దగ్గర చాలా ఉన్నాయి. శ్రావణంలో పెళ్ళిళ్ళు, వరదొస్తే లంకల్లో కరెంటు కోత, సంక్రాంతికి భోగి ముందు రోజు నుంచి ముక్కనుమ దాకా ఎవడూ ఇంకు సీసా మూత తీయడు. నిల్వ మూడు భాగాలకి పడిపోతే, అధ్యాయం చివర ఆగి, ఫలానా తేదీకి వస్తామని చెప్పి ఆపేయండి. కథ మధ్యలో మాయమైతే మళ్ళీ వచ్చినప్పుడు చదివేవాడు ఉండడు.

ఇంతా విన్నాక కూడా మీ ఊరి సృష్టికర్త గారు వదలకపోతే ఒక పరీక్ష పెట్టండి. నాలుగు పేజీల కథ, ఇరవై ప్యానెళ్ళు, ఇద్దరు మనుషులు, ఒక గది. సైన్యం వద్దు, బ్యారేజీ వద్దు, పొలుసులు వద్దు. ప్యానెల్ ప్యానెల్‌కీ రాసి తెమ్మనండి. తెస్తే పేజీకింతని రేటు చెప్పండి: సగం ముందు, పావు పెన్సిలు బొమ్మలు చూపించాక, పావు ఫైలు ఇచ్చేముందు. పెన్సిలు దశ దాటాక మార్పులడిగితే వేరే రేటు. మధ్యలో ఆయన మానేస్తే అప్పటిదాకా గీసినవి, వాటి హక్కులతో సహా, మీవి. ఇవన్నీ తెలుగులోనే, ఒక పేజీలో రాసి, కింద రెండు సంతకాలకి గీతలు కొట్టి, పెన్ను క్యాపు తీసి ఆయన చేతికివ్వండి.