మడ్‌గార్డు విద్యాపీఠం

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే మహారాష్ట్రలోని మా సిరోంచ తాలూకాలో పిల్లవాడు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, టీవీ ముందు హిందీ నేర్చుకుంటాడని పెద్దలు మురిసిపోతుంటారు. ఈ మూడూ సరిగా పలకకముందే వాడికి పట్టుబడే ట్రాక్టర్ విద్యకు మాత్రం ఇంతవరకు ఏ ప్రభుత్వమూ ఒక సర్టిఫికెట్ అయినా ఇవ్వకపోవడం శోచనీయం.

ఈ విద్యలో ప్రవేశం మడ్‌గార్డు మీద జరుగుతుంది. ట్రాక్టర్ తయారుచేసినవాడు ఒక్కటే సీటు పెట్టాడంటే అది అతడి అజ్ఞానమే తప్ప మన తప్పు కాదు. పక్కనే పెద్ద చక్రం తిరుగుతుండగా మడ్‌గార్డు అంచు పట్టుకుని రెండు మూడు దుక్కులు కూర్చున్న పిల్లవాడు నాన్న ఒడిలోకి, అక్కడి నుంచి సీటులోకి పదోన్నతి పొందుతాడు. నాకు ఆ పట్టాభిషేకం తొమ్మిదో ఏట జరిగింది. సీటు మీద నాలుగు మడతల గోనెసంచి వేసి నన్ను కూర్చోబెడితే బానెట్ అవతల పొలం బాగానే కనిపించింది గాని, క్లచ్ మాత్రం కాలికి అందలేదు. దాన్ని తొక్కాలంటే స్టీరింగ్ పట్టుకుని సీటు మీంచి కిందికి జారి, రెండు కాళ్లతో నిలబడి, ఒంట్లో ఉన్న బరువంతా మోపాలి. అలా జారగానే పొలం మాయమై కళ్లెదుట మీటర్లు మాత్రమే మిగిలేవి. అంటే ముందు కనిపించినంతసేపు బండి ఆపలేను, ఆపబోతే ముందేముందో కనిపించదు. ఈ స్థితిలోనే మూడు సాళ్ల మిరపతోటను చదును చేసి గట్టెక్కించాను. మా నాన్న చెట్లను లెక్కబెట్టి, "మలుపు బాగానే తిప్పినవ్ బిడ్డా, బ్రేకే ఆలస్యమైంది" అన్నాడు. ఇంతటి సహృదయ పరీక్షకుణ్ణి నేను ఆ తర్వాత ఏ విశ్వవిద్యాలయంలోనూ చూడలేదు.

మోటారు వాహనాల చట్టం మాత్రం 18 ఏళ్లు నిండనివాడు బహిరంగ స్థలంలో ట్రాక్టర్ నడపరాదంటుంది. 2019 సవరణ వచ్చాక, మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు నిరాకరణ రాసిపెట్టారు. తొమ్మిదో ఏట చేరినవాడికి 25 నిండేసరికి 16 ఏళ్ల అనుభవం ఉంటుందన్న ఇంగితం శాసనకర్తలకు తట్టినట్టు లేదు. పొలం బహిరంగ స్థలం కాదు కదా అని మా ఊరి న్యాయకోవిదులు వాదిస్తారు. వాదన గట్టిదే, ఇంటికీ పొలానికీ మధ్య ఉన్న రోడ్డును మాత్రం వారు ప్రస్తావించరు.

ఇక ట్రాక్టర్ వెనక మట్టిని గుల్ల చేసే రోటవేటర్‌ను తిప్పే షాఫ్ట్ సంగతి. అది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. తువ్వాలు కొస దానికి తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునేలోపే అది చుట్టేసుకుంటుంది. కంపెనీవాడు దానికి మూత బిగించే పంపాడు. గ్రీజు పెట్టేటప్పుడు అడ్డొస్తోందని మేము దాన్ని ఊడదీసి కొట్టం చూరులో భద్రంగా దాచాం. అందులో ఇప్పుడు కోడి పొదుగుతోంది, ఒక్క గుడ్డుకైనా ఇంతవరకు ప్రమాదం జరగలేదు.

డ్రైవరుకు ఇవ్వవలసిన రోజు కూలి మిగులుతున్నదన్న నీచమైన కారణంతో తండ్రులు ఈ విద్య నేర్పుతున్నారని గిట్టనివాళ్లు అంటారు. కూలి మిగలడం నిజమే గాని, అది గురుదక్షిణ కిందికి వస్తుంది. కాబట్టి ప్రభుత్వం కాలు అందని బాలడ్రైవర్లకు సబ్సిడీ మీద గోనెసంచులైనా పంపిణీ చేయాలని నా విన్నపం. దరఖాస్తుకు పొలం హక్కులు చూపే సాత్‌బారా పత్రం నకలు జతచేయాలన్న నిబంధన ఎలాగూ పెడతారు. దానికోసం ఊరి భూమి లెక్కలు రాసే తలాఠీ ఆఫీసు దాకా వెళ్లిరావడానికి తండ్రికి తీరిక ఉండదు గనుక, ట్రాక్టర్ వేసుకుని పిల్లవాడే వెళతాడు.